స్తంభం వెనక కుర్చీ ధర

షుబ్రా పేటలో కాలితో ఇస్త్రీ చేసేవాళ్ళు ఇంకా ముగ్గురే మిగిలారు. వాళ్ళలో ఉస్తా మెత్వల్లి పెద్దవాడు; పనితనమున్నవాణ్ణి, బండి నడిపేవాణ్ణి అక్కడ ఉస్తా అనే పిలుస్తారు. నేలకు జానెడెత్తున బల్ల, దాని మీద దుప్పటి, దుప్పటి మీద మడమల దాకా వచ్చే గలాబియా చొక్కా. పొడుగాటి కాడ ఉన్న ఇనప పెట్టెను పాదంతో నెడుతూ, కాడ పట్టి మలుపులు తిప్పుతూ, నడుం వంచి పొద్దస్తమానం దాని వెంట తిరగాలి. యాభై ఏళ్ళుగా అతను అలా తిరుగుతూనే ఉన్నాడు. ఒకప్పుడు నోటినిండా నీళ్ళు పట్టి గుడ్డ మీద పొగమంచులా ఊదేవాడు. తొమ్మిదేళ్ళ కిందట మెడలో గడ్డ తీసినప్పుడు గొంతు నరం ఒకటి దానితోపాటే పోయింది. ఆ ఊదడమూ పోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ సీసా మూతకు బెజ్జాలు పొడిచి నీళ్ళు చల్లుతున్నాడు. మాట్లాడితే తడిబట్ట మీద పెట్టె ఆనించినట్టు బుస్సుమంటుంది, అంతే. ఎదుటివాడు చెవి తెచ్చి అతని నోటి దగ్గర పెట్టాలి.

బట్టలు ఇస్త్రీ చేసుకునేవాడికి గొంతుతో ఏం పని అనుకోవచ్చు. మెత్వల్లి సంగతి వేరు.

పాటగత్తె సిత్ వెసాల్ బతికున్న రోజుల్లో ఫిర్దౌస్ థియేటర్‌లో కచేరీ అంటే ఆవిడ పాడి వెళ్ళిపోవడం కాదు. ఆవిడ ఒక చరణం అంటుంది. జనం 'మళ్ళీ' అంటారు. ఆవిడ మళ్ళీ అంటుంది. అయితే అన్నదే అనదు. ఒక మాట దగ్గర ఆగో, ఒక స్వరం పక్కకు జరిపో, అప్పుడే పుట్టినట్టు అంటుంది. ఎన్నిసార్లు అనాలో, ఎక్కడ వదిలెయ్యాలో తేల్చేది ముందు వరసల్లో అత్తరు పూసుకుని కూర్చున్న పెద్దమనుషులు కారు. గ్యాలరీలో పాతిక ఖిర్షులకు, అంటే పావు పౌండుకు, కొన్న టిక్కెట్టు మీద కూర్చున్న దర్జీలు, ట్రాము కండక్టర్లు, ఇస్త్రీవాళ్ళు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ముందు వరసలకు వంగి సలాం చేసి, పాట మాత్రం తలెత్తి పైకి పాడేది.

మెత్వల్లికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. అతని చోటు ఎప్పుడూ ఒకటే, ఎడమ నుంచి మూడో స్తంభం వెనక. అక్కడికి వేదిక కనపడదు కాబట్టి టిక్కెట్టు ఇంకా చవక. చెవి ఉన్నవాళ్ళు కోరి అక్కడే కూర్చునేవారు. కళ్ళు మూసుకుని వినేవాడికి స్తంభం అడ్డమేమిటి! వినేంతసేపూ స్తంభం వెనక ఉండి, అడగాల్సిన క్షణం రాగానే పక్కకు వంగి "మళ్ళీ, సిత్తీ! మళ్ళీ!" అని అరిచేవాడు. ఆ అరుపు శ్రుతిలో ఉండేదని వయొలిన్ వాళ్ళే అనేవారు. డెబ్బై నాలుగు మార్చిలో ఒక కచేరీలో ఆవిడ ఒకే చరణాన్ని అతని అరుపుకు ఏడుసార్లు పాడింది. 'నువ్వెళ్ళిన దారి నన్నడుగుతోంది' అన్నది ఆ చరణం. ఏడోసారి ముగించి, చేతిరుమాలెత్తి మూడో స్తంభం వైపు ఊపింది.

రేడియోలో మొదటి భాగమే వేశారు. ఏడుసార్లు పాడింది రెండో భాగంలో. ఆ టేపు ఆవిడ ఇంట్లో వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఆ సందు చూసుకుని షుబ్రాలో ఇద్దరు ముగ్గురు ఆ అరుపు మాదంటే మాదన్నారు. మంగలి బయూమి అయితే అది తన మేనమామ అరుపేనని గడ్డం గీసినంతసేపూ చెబుతాడు.

మెత్వల్లి బాధ అది కాదు. మొహం చూసుకోవాలంటే అద్దముంది, ఫొటో ఉంది. గొంతు చూసుకోవడానికి ఏముంది? పోయిన తొమ్మిదేళ్ళలో అతను తన గొంతు ఎలా ఉండేదో మరిచిపోయాడు. లావుగా ఉండేదా, సన్నగానా? చివర కాస్త వణికేదా? భార్య ఇన్సాఫ్‌ని అడిగితే "గొడ్డు అరిచినట్టుండేది" అంది. కలలో కూడా బుస్సుమనే మాట్లాడుతున్నాడు.

అలాంటి రోజుల్లో థియేటర్ గోడ మీద ఒక బొమ్మ వెలిసింది. సిత్ వెసాల్, నల్ల గౌను, చేతిలో రుమాలు. చనిపోయి ముప్ఫై ఏళ్ళు దాటినా మొన్న మొన్న నవ్వినట్టుంది. ఆ మార్చి రాత్రి తీసిన ఫిలింలోంచి ఆవిడను వెలుగుగా చేసి అదే వేదిక మీద మనిషంత మనిషిని నిలబెడతారట. కింద పెద్ద అక్షరాలతో రాశారు: మొట్టమొదటిసారి, పూర్తి కచేరీ, ఎవరూ వినని రెండో భాగంతో సహా.

మెత్వల్లి ఇంటికొచ్చి సీసాలో నీళ్ళు పోస్తూ ఆ ముక్క భార్యతో చెప్పాడు.

"అంటే దెయ్యం పాడుతుందన్నమాట," అంది ఇన్సాఫ్ ములూఖియా ఆకు తరుగుతూ. "ఆవిడ చచ్చి పాడలేదు, నువ్వు బతికి అరవలేవు. ఇద్దరు మూగోళ్ళ కచేరీ. బాగుంది సంబరం. టిక్కెట్టెంతట?"

"కనుక్కోవాలి."

"కనుక్కో, కనుక్కో. దెయ్యానికి కారు ఖర్చు లేదు, కూడు ఖర్చు లేదు, చవగ్గానే ఉండాలి మరి."

పక్కన గడ్డం గీయించుకోవడానికి వెళితే బయూమి కత్తి ఆపి నవ్వాడు. "వెళ్ళు ఉస్తా, వెళ్ళు. మా మేనమామ అరుపు విని రా. నా సలాం చెప్పు."

మర్నాడు పొద్దున్నే మెత్వల్లి టిక్కెట్ల కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల మేడమ్ ఇవోన్ ఉంది. మెడలో చిన్న శిలువ, ముక్కు కొసన కళ్ళద్దాలు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కిటికీలో కూర్చుంటున్న మనిషి. అతని గుసగుస వినడానికి చెవి అద్దానికి ఆనించింది.

"ముందు వరస ఆరువేల అయిదొందల పౌండ్లు బాబాయ్. గ్యాలరీ అయితే ఇవాళ పొద్దున తొమ్మిదొందలు."

"ఇవాళ పొద్దునా? సాయంత్రానికి కుర్చీ మారిపోతుందా?"

"కుర్చీ మారదు, ధర మారుద్ది. కోడిగుడ్లలాగా."

తొమ్మిదొందలంటే అరవై గలాబియాలు. అతను వెళ్ళి, మూడు రోజుల తరవాత డబ్బు పట్టుకొచ్చాడు. పన్నెండొందలంది.

"ఎవరు పెంచారమ్మా?"

"ఎవరూ పెంచలా. ఈ యంత్రమే."

"వాణ్ణి పిలువు, మాట్లాడతా."

"వాడు లేడు బాబాయ్. ఎవడన్నా ఉంటే నేనే తిట్టేదాన్ని."

సంతలో బేరమాడితే అవతల ఒక మనిషి ఉంటాడు. వాడి కళ్ళలోకి చూడొచ్చు, వాడి తల్లిని తిట్టొచ్చు, చివరికి ఇద్దరూ టీ తాగొచ్చు. ఇక్కడ అవతల ఎవరూ లేరు. ఎవరూ లేనివాడు ధర చెబుతున్నాడు, చచ్చిపోయినావిడ పాడుతోంది. మధ్యలో బతికున్నది తనొక్కడూ, ఇవోనూ.

"బతికుండగా పాతిక ఖిర్షులు, చచ్చాక పన్నెండొందలా?" అన్నాడు. "ఆ రోజు ఆవిడ ఏడుసార్లెందుకు పాడింది? నేనడిగా కాబట్టి. నేనడక్కపోతే ఒక్కసారి పాడి వెళ్ళిపోయేది. ఆ రెండో భాగంలో సగం నాది. నా సరుకు నాకే అమ్ముతున్నారా మీరు?"

ఇవోన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ నవ్వలేదు. "నాతో అనకు. మా వాళ్ళ పెళ్ళిలో నా ఫొటో నేనే కొనుక్కున్నా. అది సరే, నీకు చూడాలా, వినాలా?"

"వినాలి."

"స్తంభం వెనక కుర్చీలున్నాయి. ఈ యంత్రానికి అవి నచ్చవు, 'చూపు అడ్డు' అని రాసింది. మూడో స్తంభం... మూడొందల ఎనభై." మీట నొక్కబోయి ఆగింది. "నాలుగొందల ముప్ఫై."

"ఎవరన్నా కొంటున్నారా?"

"లేదు."

"మరి?"

"నువ్వడిగినప్పుడల్లా నేను తెర మీద ఆ కుర్చీ తెరిచి చూస్తున్నా కదా. దీనికి అర్థమైపోద్ది, ఎవరో దాన్ని కోరుకుంటున్నారని."

మెత్వల్లి కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కు వేశాడు. తన మనసులోది ఆ యంత్రానికెలా తెలిసిందని అడగలేదు. అడిగితే ఇంకో యాభై పెరుగుతుందేమోనని భయం.

"ఏం చెయ్యాలి?" అన్నాడు పెదాలు కదపకుండా.

"పో. వద్దనుకున్నవాడిలా పో. మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక రా. అందాకా నేను అటువైపే చూడను."

అతను వీధి చివర మెట్ల మీద వీపు తిప్పి కూర్చున్నాడు. నిజంగానే వద్దనుకోవడానికి ప్రయత్నించాడు. మూడో స్తంభం గురించి ఆలోచన వచ్చినప్పుడల్లా ఇన్సాఫ్ మోకాళ్ళ నొప్పుల మీదికి మనసు మళ్ళించాడు. నమాజు ముగిసి జనం బయటికొచ్చాక, కిటికీ వైపు చూడకుండా, డబ్బు మాత్రం లోపలికి జరిపాడు. ఇవోన్ కూడా అతని వైపు చూడకుండా ఒక్క వేటులో మీట నొక్కింది. మూడొందల తొంభై. కాగితం ముక్క బయటికొచ్చింది. దొంగల్లా ఇద్దరూ ఊపిరి వదిలారు.

కచేరీ శుక్రవారం సాయంత్రం అయిదింటికి. ఇన్సాఫ్ అతని గలాబియా తనే ఇస్త్రీ చేస్తానంటే ఒప్పుకోలేదు. "నా బట్ట నేను చేసుకోకపోతే జనం నవ్వుతారు," అన్నాడు. ఇన్సాఫ్ అతని మెళ్ళో మఫ్లర్ చుట్టి, "నీ గొంతు వినపడితే ఎట్టా ఉందో నాక్కూడా చెప్పు," అంది. వెక్కిరింపు ఏమైనా ఉందా అని చూశాడు. కనపడలేదు.

గ్యాలరీ సగం ఖాళీ. స్తంభం వెనక వరసలో అతనొక్కడే. ఆ వెనక చిన్న బల్ల దగ్గర చెవులకు డిప్పలు పెట్టుకుని ఒక ఇంజినీరమ్మాయి కూర్చుని ఉంది. దీపాలు ఆరాయి. కింద జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. ఆవిడ వచ్చిందని దాన్నిబట్టే తెలిసింది మెత్వల్లికి. అతను కళ్ళు మూసుకున్నాడు.

గొంతు ఆవిడదే. ఎక్కడా గీత లేదు. అయితే ఏదో తేడాగా ఉంది. అదేమిటో తెలుసుకోవడానికి అతనికి పావుగంట పట్టింది. ఆవిడ చరణం ముగిస్తోంది. ముగియగానే బావిలో రాయి వేస్తే నీళ్ళ చప్పుడు రానట్టుంది. అవతల ఏమీ లేదు. ఆ రాత్రి పద్నాలుగు వందల మంది ఉన్నారు. పుచ్చకాయ గింజలు నమిలారు, దగ్గారు, ఏడ్చారు, అల్లా అల్లా అన్నారు. ఇప్పుడు వాళ్ళు ఒక్కళ్ళూ లేరు. ఖాళీ ఇంట్లో ఒంటరిగా పాడుకుంటున్నట్టు పాడుతోంది. ఎవరూ అడక్కుండానే ఒక్కోచోట ఆగి, ఎవరికో తలూపి, మళ్ళీ అందుకుంటోంది. పిచ్చివాళ్ళు అలా చేస్తారు. కింద ఇప్పటి జనం ఆ ఆగిన చోట్ల ఏం చెయ్యాలో తెలియక ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

విరామంలో దీపాలు వెలిగాయి. మెత్వల్లి లేచి ఇంజినీరమ్మాయి దగ్గరికెళ్ళి వంగాడు. ఆ పిల్ల డిప్ప ఒకటి జరిపింది.

"జనం ఏరమ్మా?"

"ఏ జనం బాబాయ్?"

"ఆ రాత్రి జనం."

"ఓ, ఆ గోలా? మొత్తం కడిగేశాం. పదకొండు వారాలు పట్టింది తెలుసా?" ఆ పిల్ల మొహం వెలిగింది, చేసిన పని గురించి అడిగినవాళ్ళు ఆమెకు దొరికినట్టు లేరు. "దగ్గులూ అవీ తేలికే. రెండో భాగంలో పైనుంచి ఎవడో ఒకడు ఉంటాడు బాబాయ్, చరణం చరణానికీ మీదపడి అరుస్తాడు. సరిగ్గా ఆవిడ శ్రుతిలోనే అరిచి చచ్చాడు, విడదీద్దామంటే రాడే! వాణ్ణి తీసేసరికి మా తాతలు దిగొచ్చారు."

మెత్వల్లి బల్ల అంచు పట్టుకున్నాడు. "ఆ అరుపు... దాచారా ఎక్కడన్నా?"

"చెత్త ఎవరన్నా దాచుకుంటారా?"

"మరి ఏడుసార్లు పాడిందే, అదీ తీసేశారా?"

"అది ఉంచాం. తీసేస్తే కచేరీ ఇరవై నిమిషాలు తగ్గిపోద్ది. ఆ ధరకు జనం ఊరుకోరు."

ఆ పిల్ల అన్నదాంట్లో ద్వేషం లేదు. సున్నం కొట్టేవాడికి గోడ మీది రాతలంటే ద్వేషముంటుందా? మెత్వల్లి తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. వెళ్ళిపోదామనుకున్నాడు. మూడొందల తొంభై పౌండ్లు పెట్టినవాడు మధ్యలో వెళ్ళిపోడు; బీదవాడి పౌరుషానికి ఆ మాత్రం హద్దుంటుంది.

రెండో భాగం మొదలైంది. కళ్ళు మూసుకోవడానికి ఇక కారణమేమీ లేదు. వినడానికి వచ్చింది లేదని తేలిపోయింది కనుక పక్కకు వంగి ఆ సాయంత్రం మొదటిసారి ఆవిడను చూశాడు.

వేదిక మీద నిలబడి ఉంది. మనిషే. గౌను అంచు మాత్రం నేలకు వేలెడు ఎత్తున తేలుతోంది. వెనక వాద్యగాళ్ళు కూడా వెలుగే. వాళ్ళలో చాలామంది చనిపోయినప్పుడు జనాజాలకు మెత్వల్లి వెళ్ళాడు. 'నువ్వెళ్ళిన దారి నన్నడుగుతోంది,' అంది ఆవిడ. అని, తలెత్తింది.

ఎక్కడికో కాదు. ఎడమ నుంచి మూడో స్తంభం వైపు.

చెవి కొంచెం పక్కకు వాల్చింది, దూరం నుంచి పిలుపు విన్నవాళ్ళు వాల్చినట్టు. ఏ చప్పుడూ లేదు. ఆవిడ విన్నది. పెదవి చివర నవ్వు వచ్చింది. మళ్ళీ పాడింది. మళ్ళీ తలెత్తి విన్నది. ఈసారి కళ్ళు చెమర్చాయి. మూడోసారి విని రుమాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. గొంతును కడిగేశారు కాని, ఆ గొంతు విన్న మొహాన్ని ఎలా కడుగుతారు! మెత్వల్లి ఆ మొహాన్ని అద్దంలోకి చూసినట్టు చూశాడు. లావుగా ఉండేదా, సన్నగానా? అది అతనికి తెలియలేదు. అయితే అలాంటిది ఒకటి ఉండేదని, అది వచ్చి తగిలితే ఒక మనిషి అలా మారేదని తెలిసింది. స్తంభం పట్టుకుని లేచాడు.

అయిదు. ఆరు. ఏడోసారి ముగించి రుమాలెత్తి ఊపింది. ఇక దించి తరవాతి చరణంలోకి వెళ్ళాలి. అతనికి గుర్తే.

దించలేదు.

రుమాలు పైకెత్తి అలాగే నిలబడింది. వయొలిన్ల మీద కమానులు గాలిలో ఆగాయి. ఆవిడ మొహం ఇటే ఉంది. రెప్ప మాత్రం ఒకసారి వాలి లేచింది. కింద ఎవరో ఈల వేశారు. వెనక ఇంజినీరమ్మాయి టకటకా మీటలు కొడుతోంది.

"ఆగిపోయింది... ఆగలా, నడుస్తానే ఉంది," అని తనలో తను గొణుక్కుంటోంది. "గడియారం నడుస్తోంది. ఏంటిది? ఈ ముక్క ఫిలింలో లేదే. లేదిది."

నిలబడ్డ మనిషి ఊపిరి తీస్తే భుజాలు కదులుతాయి. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఎదురుచూస్తోంది. ఎనిమిదోసారి అడగమని ఎదురుచూస్తోంది. మెత్వల్లికి పారిపోవాలనిపించింది. అయితే పాటగత్తె ఆగి గ్యాలరీ వైపు చూసినప్పుడు అడక్కుండా కూర్చోవడం అతని వంశంలో లేదు.

మెడ మఫ్లర్ లాగేశాడు. రెండు చేతులూ నోటికి గూడు కట్టి, పొట్టలోంచి ఉన్న గాలంతా తోశాడు. బుస్సుమంది. ఇనప పెట్టె కింద తడి ఆరినట్టు, అంతే. అతనికి తన చెవిలో వినపడింది అదే.

ఆవిడ కళ్ళు మూసుకుంది. రుమాలు గుండెల మీద ఆనించుకుని చరణం అందుకుంది. చివరి మాట దగ్గర ఎప్పుడూ పైకి వెళ్ళే గొంతు ఈసారి కిందికి దిగింది, మెట్టు మెట్టుగా, నూతిలోకి దిగినట్టు. ఆ మలుపు అతను ఆ రాత్రి వినలేదు, ఏ రాత్రీ వినలేదు. తరవాత కమానులన్నీ ఒక్కసారి కదిలాయి, పాట ముందుకు సాగింది.

కచేరీ అయ్యాక బయట వరండాలో ఒకావిడ చేతిసంచి కిటికీ మీద బాదుతోంది. "ఆరువేల అయిదొందలు పోసింది దెయ్యం గుడ్లప్పగించి నిలబడితే చూడ్డానికా? మధ్యలో చెడిపోయింది, డబ్బు వెనక్కివ్వండి."

"వెనక్కివ్వడానికి దీంట్లో మీట లేదు మేడమ్," అంటోంది ఇవోన్. అద్దంలోంచి మెత్వల్లిని చూసి, ఏమైంది అన్నట్టు కళ్ళెగరేసింది. అతను చెయ్యి గుండె మీద పెట్టి వంగి సలాం చేసి మెట్లు దిగాడు.

షుబ్రా మైక్రోబస్సు చివరి సీటులో ఇరుక్కుని కూర్చున్నాడు. ముందు డ్రైవర్ పాటలు మోతెక్కిస్తున్నాడు. పక్కన ఒక తల్లి పిల్లాణ్ణి ఊరుకోబెడుతోంది. ఆ రణగొణలో అతను మీటలు కొట్టిన ఇంజినీరమ్మాయి చేతుల్ని, వేదిక మీద కదిలిన ఆవిడ భుజాల్ని తలుచుకుంటూ ఉండగానే దిగాల్సిన సందు వచ్చేసింది. ఎప్పుడూ ముందు కూర్చున్నవాడి భుజం తట్టి చెప్పించేవాడు. ఈసారి ఆలోచనలో పడి మరిచిపోయి, తనంతట తనే అన్నాడు, "పక్కన ఆపు, ఉస్తా."

బుస్సుమంది. అతని చెవికి, ఎప్పటిలాగే.

బండి కీచుమని ఆగింది. అందరూ వెనక్కు తిరిగారు. తల్లి ఒళ్ళో పిల్లాడు ఏడుపు ఆపి అతని నోటికేసే చూస్తున్నాడు. డ్రైవర్ పాట కట్టేసి, చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నాడు.

"వినపడింది హాజీ, వినపడింది," అన్నాడు. "అంత గట్టిగా అరవాలా ఏంటి?"